మంగళస్నానాల క్యాసెట్

యానాం గ్రంథాలయంలో పాత ఫ్రెంచి సినిమాల గురించి మాట్లాడమన్నారు. ఒప్పుకున్న క్షణం నుంచీ పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. నాకిచ్చిన అంశం, మాటల్లేని సినిమాల కాలం నాటి ఒక దర్శకురాలు. కెమెరాల కంపెనీలో సెక్రటరీగా చేరి, ఉత్తరాల పని ఆగకూడదన్న షరతు మీద యజమానిని ఒప్పించి సినిమాలు తీసింది. అమెరికాలో సొంత స్టూడియో కట్టుకుంది. అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చాక చూస్తే, ఆమె తీసిన కొన్నింటికి మగవాళ్ళ పేర్లున్నాయి. ముసలితనంలో తన సినిమాల కోసం తానే వెతుక్కుంది. చాలావరకు దొరకలేదు.

చదివినకొద్దీ నాకు భయం పట్టుకుంది. మాది పెళ్ళి వీడియోల స్టూడియో. బోర్డు మీద పేరు మా ఆయనది. పెళ్ళికూతురి మంగళస్నానాల దగ్గరికి మగవాళ్ళని రానివ్వరు కనుక అక్కడ కెమెరా నేనే పట్టేదాన్ని. మిక్సింగ్‌లో ఆయన తీసినదానితో కలిపేశాక నా టేపు మీదే తర్వాతి పెళ్ళి ఎక్కించేవాళ్ళం. నేను తీసిందంటూ ఇంట్లో ఒక్క ముక్క లేదు.

వెతగ్గా వెతగ్గా, మెట్టకూరులో మేం పెళ్ళి తీసిన ఒకరింట్లో పాత క్యాసెట్ దొరికింది. నలుగు పెట్టే ముక్క వరకు చూపించుకోమన్నారు. క్యాసెట్ బూజు పట్టి ఉంది. ఆడుతుందో లేదోనని మూడు రోజులు అన్నం సయించలేదు. తుడిచి కంప్యూటర్‌లోకి ఎక్కించింది మా ఆయనే.

"ఇదెందుకే ఇప్పుడు?" అన్నారు.

"ఊరికేనండి, చూపిద్దామని," అన్నాను. నిజం చెప్పే ధైర్యం చాల్లేదు.

గ్రంథాలయంలో ఆ రోజు ఫ్రెంచావిడ కథ ఎలాగో గట్టెక్కించి, వీడియో వేయించాను. ముందు మా ఆయన పేరు, చుట్టూ గిరగిరా తిరిగే గులాబీలు. తర్వాత పీట మీద పెళ్ళికూతురు, నలుగు పెడుతున్న ముత్తైదువలు. ఇది నేను తీశానని ఇప్పుడే చెప్పాలి. ఆయన ముందు వరసలోనే కూర్చున్నారు.

వెనక నుంచి ఒకావిడ అడిగింది. "ఏవండీ, తానాల కాడికి మగోణ్ణి ఎలా రానిచ్చేరండీ?"

హాలంతా నవ్వు. మా ఆయన లేచారు. పరువు పోయిందని వెళ్ళిపోతున్నారనుకున్నాను.

"నన్నెవరు రానిత్తారండీ! అది మా ఆవిడ తీసింది," అని, అదేదో ఊరందరికీ తెలిసిన సంగతైనట్టు కూర్చున్నారు.

చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత తేలిగ్గా అనగలిగే మాట! ఆ గులాబీల మధ్య ఇంకో పేరుకి చోటు లేకపోయిందా?

అయినా ఆయన్ని అని ఏం లాభం? ఫ్రెంచావిడ కనీసం అవి తనవంటూ వెతుక్కుంది. నా పేరూ వెయ్యమని నేను ఏనాడూ అడగనైనా లేదు.