దొరగారి ముక్కు

దొరగారి ముక్కంటేనే ఇయామరకు ఒళ్లుమంట. ఆర్న పట్టణంలో వెండి నాణేలకు కంచు అచ్చులు చెక్కేది అతనే. పర్షియా చక్రవర్తికి కప్పం కట్టే దొరకు ఈసారి నాణెం మీద అడవిపంది వద్దట, తన మొహమే కావాలట. ఆ మొహాన్ని దగ్గరికెళ్లి చూడనివ్వరు. బాగోగులు చెప్పడానికి మాత్రం గుమాస్తా మిజు పర్షియా లాగు తొడుక్కుని దిగుతాడు.

"ముక్కు మరీ పొడుగయ్యా," అన్నాడు మొదటిసారి. తర్వాత, "ఇప్పుడు పొట్టిదైపోయిందే!" అచ్చులో ఒకసారి గుంట పడితే పూడ్చలేరు. మొహమంతా అరగదీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నాలుగుసార్లు అదే జరిగింది.

ఇంటికొస్తే తల్లి మెరిమావ పోరు. ఆమె తమ్ముడు పద్రమ చక్రవర్తి ఓడలో తెడ్డు వేయడానికి వెళ్లి సముద్రంలో కలిసిపోయాడు. శవం లేనిదే కొండలో సమాధి తొలవనివ్వనన్నాడు దొర.

"ఊళ్లో అందరికీ కొండలో చోటుంది, నా తమ్ముడికి తప్ప. మేనల్లుడివి, ఉండి ఏం లాభం రా?"

"నేను చెక్కేది కంచు, కొండ కాదమ్మా!"

ఐదోసారి ఇయామరకు విసుగు పరాకాష్ఠకు చేరింది. ఏ మొహం వస్తే అదే రానీ అని చెయ్యి పోయినట్టల్లా చెక్కేశాడు. మైనం మీద ఒత్తి చూపిస్తే మిజు ఎగిరి గంతేశాడు.

"ఇదయ్యా దొరవారంటే! ఇన్నాళ్లూ నిద్రపోయావా?"

దొర కూడా మురిసిపోయాడట. నాణేలు అచ్చయ్యాయి. కూలిగా వచ్చినవాటిలో ఒకటి తల్లికిచ్చి చేపలు తెమ్మన్నాడు. ఆమె ఎంతకీ రాకపోతే తనే బజారుకు వెళ్లాడు. చేపల అరుగు దగ్గర ఆమె నలుగురినీ పోగేసింది.

"చూడండమ్మా, మా తమ్ముడు! ఆ ముక్కు మా అమ్మది!"

ఇయామర నాణెం లాక్కుని చూశాడు. పర్షియా టోపీ కింద సాక్షాత్తూ మావయ్యే. మిజు చెవిన పడితే చేతులు నరికిస్తారు.

"నీకు దణ్ణం పెడతానమ్మా, నోరు మూసుకో! అది దొర!"

"దొర ముక్కు నువ్వెప్పుడు చూశావురా?"

చేపలమ్మి పగలబడి నవ్వింది. మెరిమావ నాణెం తీసుకుని గుప్పిట బిగించింది. చేపలూ లేవు, ఏమీ లేవు.

ఇంటికొచ్చి నాణేన్ని పీట మీద పెట్టింది. రొట్టె తుంచి, సమాధుల దగ్గర పెట్టినట్టే, మొదటి ముక్క దాని ముందుంచింది.

"తిను తమ్ముడూ. ఎన్నాళ్లయిందో నువ్వు తిని."

ఇయామర తన ముక్క కూడా అక్కడే పెట్టాడు.