ఉదయభాస్కర్ తద్దినాల యాప్

ఉదయభాస్కర్‌కి కాలు ఒకచోట నిలవదు. విజయవాడలో ఒక కంపెనీలో బీమా ఫారాల ప్రోగ్రాములు రాస్తాడు. ఆ పనంటే ఒళ్లుమంట. ప్రాణమంతా ఇంటి దగ్గర సొంతంగా చేసుకున్న యాప్ మీదే. పెద్దలు పోయిన తిథి చెబితే చాలు, ఏటా తద్దినం ఏ తేదీన వస్తుందో అది ఫోనులో గుర్తుచేస్తుంది. రెండేళ్ల చాకిరీ. నలభై మంది బంధువుల ఫోన్లలో తనే స్వయంగా ఎక్కించాడు. ఎవరైనా సలహా చెప్పబోతే వినడు; తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ప్రతి ఆదివారం పొద్దున బెంజి సర్కిల్ దగ్గర కాఫీ హోటల్లో ముగ్గురు మిత్రులు కలుస్తారు, ఎవరి యాప్ గొడవ వాళ్లు వెళ్లబోసుకోవడానికి. ఆ వారం అపూర్వ మొదలెట్టింది.

"వన్ టౌన్ బట్టల కొట్టాయనకి స్టాకు యాప్ చేస్తున్నానా, సరుకెంతుందంటే పదిహేను తానులంటాడు. ఒక్కో తానూ ఒక్కో పొడవు! నేనేం రాసుకోను?"

"నీదే నయం," అన్నాడు జాన్ పాల్. "నా బస్సుల యాప్ మ్యాప్‌లో మంగళగిరి బస్సు రోజూ కృష్ణలో ఈదుతోంది."

భాస్కర్ నవ్వలేదు. తన వంతు కోసం తొందర. "రేపు కంకిపాడులో మా అమ్మమ్మ తద్దినం. మావయ్యకి వారం ముందే మెసేజ్ వెళ్లిపోయింది, చూడండి!"

అపూర్వ చూసింది. "తదియ ఇవాళ తొమ్మిదింటికే వచ్చేసింది కదా, రేపంటోందేంటి?"

"రేపు సూర్యోదయానికి ఉన్న తిథి అదేగా."

"సూర్యోదయం చూసేది పండగలకి. తద్దినానికి మధ్యాహ్నం ఉన్న తిథి చూస్తారు. ఇవాళే పెట్టాలి, భాస్కర్."

భాస్కర్ ఫోను చూసుకున్నాడు. టైం పదకొండు. మేనమామ గోపాలకృష్ణకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. అమ్మమ్మ తద్దినం తన మూలంగా తప్పిపోతే ఆయనకి మొహం ఎలా చూపించాలి? బండి తీశాడు. పోరంకి దగ్గర ట్రాఫిక్‌ని, యాప్‌ని, తనని కలిపి తిట్టుకున్నాడు.

కంకిపాడులో మేనమామ భార్య లక్ష్మీనరసమ్మ గుమ్మంలోనే ఆపేసింది. తడిబట్టతో ఉంది. "దూరం, దూరం! మడి కట్టుకున్నాను. మీ మావయ్య పీటల మీదున్నారు."

భాస్కర్ అరుగు మీద కూలబడ్డాడు. "ఇవాళేనని ఎవరు చెప్పారత్తయ్యా?"

"శాస్త్రిగారే. ఏటా ఆయనేగా చెప్పేది."

"మరి నా యాప్?"

ఆవిడ ఇబ్బందిగా నవ్వింది. "అందరం దానికి అయిదేసి చుక్కల రేటింగు ఇచ్చాంగా నాయనా. కష్టపడ్డావు, చిన్నబుచ్చుకుంటావని ఎవరం అనలేదు."

ముందు హమ్మయ్య అనుకున్నాడు. తరవాత సిగ్గేసింది. ఆ తరవాత, ఆవిడ లోపలికి వెళ్లాక, ఇంకోటి గుర్తొచ్చింది. ఆ యాప్‌ని నమ్మినవాడు ఒకడున్నాడు, తనే. పోయిన శ్రావణంలో నాన్న తద్దినానికి ఎవర్నీ అడక్కుండా, అది చెప్పిన రోజున గుడికెళ్లి స్వయంపాకం ఇచ్చి, అక్కణ్ణుంచి అటే ఆఫీసుకి పోయాడు. ఫోనులో పాత పంచాంగం తీసి ఆ తిథి గంటలు చూశాడు. పెట్టాల్సింది ముందురోజే.

కార్యక్రమం ముగిసి మావయ్య బయటికొచ్చేదాకా ఆ అరుగు మీద నించి కదలలేదు.

"ఏరా, ఇలా వచ్చావు?"

"మావయ్యా, మా నాన్నకి ఒకరోజు ఆలస్యంగా పెట్టాను," అన్నాడు భాస్కర్. "ఇప్పుడు మళ్లీ పెట్టొచ్చా?"