ప్రార్థన తప్పనిసరైతే గ్రీకు దేవుళ్లకే పెట్టండి

నా చిన్నప్పుడు మా అనంతగిరి కొండల బడిలో పొద్దున ప్రార్థన పాడనిదే చోడి అంబలి, అంటే రాగి జావ, పోసేవారు కాదు. మైదానం నుంచి వచ్చిన మాస్టారు తన ఇంటి దేవుడి పటం గోడకు తగిలించి, మేం మొక్కే కొండదేవతను బండరాయి అని వెక్కిరించేవారు. ఒకరోజు నేను ప్రార్థన పాడలేదు. ఖాళీ కడుపుతో ఇంటికొచ్చిన నన్ను చూసి, ఊరి పూజారి అయిన మా తాతయ్య సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

మర్నాడు ఆయనే బడికొచ్చి ఆ పటానికి శ్రద్ధగా పసుపు రాశాడు. వరండాలో మాస్టారు చాప మీద మామిడి ఒరుగులు ఎండబెట్టుకుంటున్నారు.

"మాస్టారూ, మీ దేవుడ్ని మా ఊరోడ్ని సేసీసుకున్నాం. ఇంక ఆయన మనుషులకీ మా కట్టుబాటే. మామిడి కొత్త పండగ అయ్యీదాకా మామిడికాయ ముట్టకూడదు."

"నాకేటి సంబంధం తాతా? నేను ఒప్పుకున్నానా?"

"మా గుంటడ్ని అడిగినారేటి మీరు? బేగి ఎత్తీండి ఆ ముక్కలు. అమ్మోరు సూత్తాది."

మాస్టారు చాప వైపు చూశారు, మా వైపు చూశారు. ఆ పూట అంబలి అందరికీ పోశారు. పాడనివాళ్లకు కూడా.

ఇన్నేళ్లకు నా మనవరాలి బడిలో మళ్లీ అదే తంతు. పాడలేదని పిల్లను వరండాలో నిలబెట్టారు. బడి కమిటీలో కూర్చున్న పెద్దమనుషులు ఒకే ప్రార్థన అందరికీ తప్పనిసరి చేస్తారట. అంత ముచ్చటగా ఉంటే గ్రీకు దేవుళ్లను పెట్టండి. నేను బడి వదిలేశాక దొరికిన పాత చరిత్ర పుస్తకంలో వాళ్ల సంగతి చదివాను. వాళ్లకు ఈ చుట్టుపక్కల కులం లేదు, చుట్టం లేడు, హుండీ మీద కన్నేసిన ధర్మకర్త అంతకన్నా లేడు. జియస్ చేతిలో పిడుగులుంటాయి. వాన చినుకు పడితే పోయే మా కరెంటు గురించి ఆయన్నే అడగొచ్చు. పొసైడన్ సముద్రానికి దేవుడు. మా పిల్లలు సముద్రం చూడలేదంటారా? మీరు మా కొండ ఎక్కి చూశారా? డయోనిసస్ అని కల్లుకీ సారాకీ ఒక దేవుడున్నాడు. ఆయనొస్తే ఎక్సైజు వాళ్లు పగలగొట్టే మా జీలుగు చెట్టు కల్లు కుండ ప్రసాదమవుతుంది. పొద్దున్నే కమిటీ వాళ్లంతా ఎండలో ముందు వరసలో నిలబడి ఈ పేర్లు వల్లించాలి. నోరు తిరగని పెద్దమనిషికి ఆ పూట టిఫిను బంద్.

అన్యాయం అంటారు కదా. అనండి, ఆ మాట మీ నోట వినాలనే ఈ గోలంతా.

"తాతా, రేపు నేనేటి సెయ్యాలి?" అని మనవరాలు అడిగింది. పాడాలనిపిస్తే పాడు, లేకపోతే ఊరుకో, నేను బడి గేటు దగ్గర ఉంటానన్నాను. మా తాతయ్య ఆ రోజు మాస్టారితో నవ్వుతూనే మాట్లాడాడు. ఆ నవ్వు నాకు అబ్బలేదు. పిల్లల ఆకలిని అడ్డం పెట్టుకుని దండాలు పెట్టించుకునేవాళ్లను చూస్తే కడుపులో రగిలే మంట మాత్రం అప్పటినుంచీ ఉంది. ఈ వయసులో కొండ దిగి గేటు దాకా నన్ను నడిపించేది అదే.