మూడో కుర్చీ

తార్నాక ఇరానీ హోటల్లో, ఉన్నది మేమిద్దరమే అయినా, ఆయన మూడు కుర్చీలున్న బల్ల కోసం వెతికేవాడు. పంతొమ్మిది వందల అరవైల చివర మా యూనివర్సిటీలో సైకాలజీ రీసెర్చి చేస్తున్న సీనియర్ ఆయన. నేను మూఢనమ్మకాల మీద నాటకాలు రాసేవాణ్ణి. నాటకంలో నేను ఎవరిని ఎండగడితే వాళ్లది ఆ మూడో కుర్చీ. నన్ను అందులో కూర్చోబెట్టి, వాళ్ల తరఫున మాట్లాడమనేవాడు.

హాస్టల్ డే నాటకంలో, జబ్బుపడ్డ బిడ్డకు తాయెత్తు కట్టే తల్లిని చూసి జనం పగలబడి నవ్వాలని రాశాను. ఆయన చదివి, చాయ్ పక్కకు జరిపాడు.

“లేవయ్యా, గా కుర్చీల కూసో. ఇగ నువ్వే ఆ తల్లివి. తాయెత్తు ఎందుకు కట్టినవ్?”

“తెలివి లేక,” అన్నాను.

“గది నువ్వంటున్నవ్. ఆమె ఏమంటది?”

నవ్వుతూనే మొదలుపెట్టాను. “డాక్టరు ఇంక చేసేదేం లేదన్నాడు. ఊరికే చూస్తా ఎట్ల కూచునేది? చేతులకు ఏదో ఒక పని కావాల్సొచ్చింది.”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“గిది రాయి,” అన్నాడు. “తాయెత్తును ఎంతన్న తిట్టు. గా చేతులను తిట్టకు.”

ఆ మాటలు పెట్టి నాటకం తిరగరాశాను. నాటకం రోజు ఆ తల్లిని చూసి ఎవరూ నవ్వలేదు. తాయెత్తు అమ్మినవాణ్ణి చూసి మాత్రం హాలంతా మండిపడింది. అది ఆయన చూడలేదు. అంతకు ముందే ఎక్కడో ఉత్తరాదిన ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మళ్లీ కలవలేదు.

ఇప్పటికీ సభల్లో నా మాటకు అందరూ చప్పట్లు కొడుతుంటే, కొట్టకుండా ఏదో అడగడానికి లేవబోతున్న ఒక్క మనిషి కోసం నా కళ్లు వెతుకుతాయి.