బావగారి రికార్డుకి కొత్త సూది

నిన్న ఇక్కడ అమెరికాలో, మా పార్సిప్పనీ ఊరి లైబ్రరీలో పుస్తకాలు తిరిగి ఇస్తుంటే మా అపార్ట్‌మెంట్ల అమ్మాయి ఒకతె ఎదురైంది. కాలేజీలో చదువుతోంది, ఈమధ్యే పాటల రికార్డుల మోజులో పడింది. "ఆంటీ, మమ్మీ చెప్పింది, మీకు టర్న్‌టేబుల్స్ అన్నీ తెలుసు అని. గుడ్ వాల్యూ కార్ట్రిడ్జ్ ఏది?" అని అడిగింది. మామూలుగా అలాంటి ప్రశ్నకి నేను గంట మాట్లాడతాను. నిన్న మాత్రం "నాకు తెలీదమ్మా" అనేసి కారెక్కాను.

తెలియకేం. ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా మీద ఉన్న ఏళ్ళన్నీ ఆ లైబ్రరీలోనే గడిపాను. ప్లంబింగ్, తేనెటీగల పెంపకం, రోమన్ చరిత్ర, ఏ అర ముందుంటే అది చదివేశాను. పక్క ఊళ్ళో ఉండే మా బావగారు, అంటే చనిపోయిన మా అక్క భర్త, ఒకరోజు "రికార్డు అరిగిపోతోందమ్మాయ్, ఇంకో ఏడాదికి మీ అక్క గొంతు వినపడదేమో" అన్నప్పుడు, బాధతో పాటు నాకు కొంచెం ఉత్సాహం కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

అది అక్క కాలేజీ రోజుల్లో ఐదుగురు అమ్మాయిలు కలిసి పాడిన పాట. కాలేజీవాళ్ళు కొద్ది కాపీలే వేయించారు. అందులో నీ గొంతు ఏదని బావగారు అడిగితే అక్క "ఎక్కడో వెనకాల ఉన్నాలెండి" అని నవ్వేసేది. రెండో చరణం చివర, మిగతావాళ్ళకంటే కాస్త ఆలస్యంగా పైకి లేచే గొంతు ఆమెదేనని ఆయనే తేల్చుకున్నారు. దేనికైనా ఆలస్యంగా తయారవడం అక్కకి అలవాటు కాబట్టి నేనూ సరేనన్నాను. ఫోన్లలో వీడియోలు తీసుకునే రోజులు రాకముందే అక్క పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఆయన ఆ ఒక్క పాట వినేవారు.

నెల రోజులు చదివాను. కార్ట్రిడ్జ్ అంటే సూదిని పట్టుకుని ఉండే చిన్న దిమ్మ. బావగారి పాత సూది మొన గుండ్రనిది. కోలగా చెక్కిన మొన అయితే రికార్డు గాడిలో పాతది తాకని, అరగని చోటుని తాకుతుందట. ఒక స్థాయి దాటాక ధర పెరిగినంతగా పాట మెరుగుపడదనీ, అరిగినప్పుడు సూది ఒక్కటే మార్చుకోగలిగేదే గిట్టుబాటనీ తేల్చాను. "నీ రీసెర్చ్ అయ్యేలోపు నా చెవులు రిటైర్ అయిపోతాయి తల్లీ" అనేవారు బావగారు. "ఆగండి బావగారూ, రివ్యూలు ఇంకో రెండున్నాయి" అనేదాన్ని.

చివరికి మధ్యరకంది ఒకటి తెప్పించి, రికార్డు మీద సూది మోపే బరువు సరిచూసి, నేనే బిగించాను. పాట మొదలైంది. ఐదు గొంతులూ విడివిడిగా, ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు వినిపించాయి. ముక్కుతో పాడే సన్నని గొంతు ఒకటి, మాట మధ్యలో ఊపిరి పీల్చుకుని, ఆలస్యంగా పైకి లేచింది. ఎవరో అమ్మాయి. బావగారు కప్పు కింద పెట్టారు.

"ఇది మీ అక్క కాదు కదూ?"

"ఆరోజు జలుబు చేసుంటుంది బావగారూ."

"అదీ లైబ్రరీలో చదివావా?" అని నవ్వబోయారు. మళ్ళీ పెట్టమన్నారు. మిగిలిన నాలుగు గొంతుల్లో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని వెతికాం. అందులో ఒకటి అక్కదే అయి ఉండాలి. ఏదో మా ఇద్దరికీ తెలియలేదు. అన్నేళ్ళు ఆ అమ్మాయి గొంతే అక్కదనుకున్నాక, అసలు గొంతు మా చెవుల్లో మిగల్లేదు.

తర్వాతి వారం ఆయన పాత సూదే పెట్టమంటే పెట్టాను. పాట మునుపటిలాగే మసకబారింది. ఆ మసకలో కూడా ఇద్దరికీ ఆ అమ్మాయే వినిపించింది. ఇప్పుడు ఆదివారాలు ఆయన టీవీలో వార్తలు పెట్టుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ళ ఆదివారాలు ఎవరో తెలియని మనిషితో గడిచిపోయాయి, వాటిని మళ్ళీ అక్కతో గడపడానికి కాలంలో చోటు లేదు.