సుకన్య కుట్టిన బొంత

మా వీధిలో ఎవరినైనా అడగండి, సుకన్య ఫోన్ మానేసి బొంతలు కుట్టుకుంటోంది, మంచి పని చేసింది అంటారు. ఫోన్ పక్కన పెట్టి చేతిపని పట్టుకుంటే మనసు తేలికపడుతుందని ఆదివారం పేపర్లో కూడా రాశారు, నేను చదివాను. రాసినాయన గురజాల వచ్చి మా ఎదురింటి వసారాలో ఒక పూట కూర్చుంటే బాగుండేది.

నేను టైలర్ని. షాపంటే పెద్దదేం కాదు, ఇంటి ముందు గది. మిషను గుమ్మానికి ఎదురుగా వేసుకుంటాను కాబట్టి ఎదురింట్లో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. సుకన్య, ఆమె మొగుడు శివ, అత్త హనుమాయమ్మ. శివ నాపరాళ్ల లారీ నడుపుతాడు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అందుకని అత్తాకోడళ్లదే రాజ్యం.

హనుమాయమ్మను నేను పిన్ని అంటాను. ఆవిడ మిరపకాయ కోతలకు ముఠా కట్టే మేస్త్రి. డిసెంబరులో మొదలుపెడితే ఏప్రిల్ దాకా ఇరవై ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని తోటలు తిరిగేది. ఐదింటికల్లా వీధి మొగలో నిలబడి ఒక్క కేక వేసేది.

"ఏమే తిరపతమ్మా, ఇంకా లేవలా? నీకోసం పెళ్లికారు వస్తదనుకున్నావా, అదుగో ఆటో! ఒసే మొద్దుమొహందానా, నీళ్ల సీసా మర్చిపోబాక!"

ఆ తిట్లకు ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు. ఒకరోజు తిట్టకపోతే పిన్నికి జ్వరమేమో అని కనుక్కునేవాళ్లు. కోసిన కాయలు తూచే కాటా దగ్గర రైతు కాస్త అటూ ఇటూ చేశాడా, వాడి తాతముత్తాతల్ని లేపేది. ఆ నోటి వల్లే ఇరవై రెండు ఇళ్ల ఆడవాళ్లు ధైర్యంగా పనికి పోయేవాళ్లు.

సుకన్యది ఎడ్లపాడు. పెళ్లయి వచ్చి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. మొగుడు లారీ మీద, అత్త తోటలో. పొద్దస్తమానం ఒక్కతే ఇంట్లో ఉండి రీల్స్ మొదలుపెట్టింది. ముగ్గులు, గోంగూర పచ్చడి, చీరకట్టులు. తెలివైన పిల్ల, చకచకా పట్టేసుకుంది. నలభై వేల మంది ఫాలోవర్లయ్యారు. పప్పు మాడేది, పాలు పొంగేవి, హనుమాయమ్మ తిట్టేది, ఈ పిల్ల నవ్వుకుంటూ అది కూడా తీసి పెట్టేది. అప్పటికి అందరం సంతోషంగానే ఉన్నాం.

నిరుడు ఫిబ్రవరిలో సుకన్య కూడా సరదాగా అత్త వెంట ఒక కల్లానికి వెళ్లింది. ఎకరం మేర కాయలు ఎండబోసి ఉన్నాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఎండుకాయలు తడిస్తే ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లంతా కాయల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు పట్టుకుని పరిగెత్తుతున్నారు. హనుమాయమ్మ కల్లం మధ్యలో నిలబడి, కొంగు నడుముకు బిగించి, ఆకాశం వైపు వేలెత్తి అరిచింది.

"ఒరేయ్ దేవుడా! సంవత్సరమంతా ఏడజచ్చావురా? ఇప్పుడు గుర్తొచ్చామంట్రా నీకు? దమ్ముంటే కిందకి దిగి ఈ పట్టా నువ్వు కప్పరా!"

సుకన్య అది వీడియో తీసింది. ఆ సాయంత్రం పెట్టింది. మూడు రోజుల్లో పది లక్షల మంది చూశారు. ఎవడో దానికి డప్పు కలిపాడు. ఇంకెవడో పిన్ని మొహానికి మీసాలు పెట్టాడు. "పట్టా నువ్వు కప్పరా" అని ఆటోల వెనక రాయించుకున్నారు. ఆవిడ భయంతో అరిచిందని, అవతల ఒక కౌలురైతు ఏడాది బతుకు నేలమీద ఆరబోసి ఉందని ఎవరికీ పట్టలేదు. నేనూ నవ్వాను. మిషను ఆపి మరీ మా చెల్లెలికి పంపాను. అది ఇంకో పదిమందికి పంపింది. నేనేదో పక్కన నిలబడి చూసినదాన్ని అని మీరు అనుకోకండి.

మొదట్లో పిన్నికీ ముచ్చటగానే ఉంది. "నేనేనటే ఇది?" అని రెండుసార్లు చూసుకుంది. కానీ తోటలో ఆడవాళ్లు ఆవిడ నోరు తెరవకముందే ఆ మాట అనేసి పకపకా నవ్వేవాళ్లు. రైతులు కూడా కాటా దగ్గర ఆవిడ గొంతు పెంచితే బెదరడం మానేసి ఫోన్ తీసేవాళ్లు. అప్పటినుంచి ఆవిడ అరుపుకి విలువ లేకుండా పోయింది.

అసలు సంగతి బస్సులో జరిగింది. ఇది సుకన్య నోటితో నాకు చెప్పిందే. పిన్నికి కళ్లు చూపించడానికి అత్తాకోడళ్లు నరసరావుపేట వెళ్తున్నారు. వెనక సీట్లో కాలేజీ ఆడపిల్లలు గుర్తుపట్టారు. "మామ్మా, ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పవా ప్లీజ్" అన్నారు. బస్సంతా ఇటు తిరిగింది. ఫోన్లు లేచాయి. హనుమాయమ్మ కోడలి వైపు చూసింది, నువ్వన్నా వద్దని చెప్పవే అన్నట్టు. సుకన్య నవ్వుతూ, "చెప్పత్తా, ఒక్కసారేగా" అంది.

హనుమాయమ్మ చెప్పింది. ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుని, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఐదింటికి వీధిలో కేక లేదు. ఆటో వచ్చి హారన్ కొట్టింది. పిన్ని వచ్చి ఎక్కి కూర్చుంది. మూడు రోజులు అలాగే వెళ్లింది, నాలుగో రోజు నుంచి మానేసింది. మోకాళ్ల నొప్పులంది. ముఠా ఇంకో మేస్త్రి చేతికి పోయింది. ఇంట్లో కూడా నోరు కట్టేసుకుంది. అన్నం పెట్టమని, తలుపేయమని కూడా చేత్తోనే చెప్పేది. "పోనీలేవే, జనం మర్చిపోతార్లే" అని శివ వాళ్లమ్మకి సర్దిచెప్పాడు. జనం నిజంగానే మర్చిపోయారు. నాలుగు నెలలకు ఇంకెవర్నో పట్టుకున్నారు.

బస్సు సంగతి జరిగిన పదో రోజు సుకన్య వీడియో తీసేసింది, మొత్తం అకౌంట్ ఎత్తేసింది. అత్త ముందు నిలబడి, "అత్తా, తీసేశా" అని ఖాళీ ఫోన్ చూపించింది. ఆవిడ తలూపి బియ్యం ఏరుకుంది. ఈ పిల్ల తీసేస్తే ఏం లాభం, అప్పటికే ఊరందరి ఫోన్లలోనూ ఉంది.

ఆ తర్వాత సుకన్య ఎలా ఉండేదంటే, వసారాలో కూర్చుని అలా చూస్తూ ఉండేది. బొటనవేలు మాత్రం చాప మీద కిందికీ పైకీ జరుగుతుండేది. ఏడుస్తుందేమో, నాలుగు మాటలు చెబుదామని నేను కాచుక్కూర్చున్నాను. ఏడవలేదు. ఒకరోజు నా షాపులోకి వచ్చి మూల ఉన్న పేలికల మూట వైపు చూసింది.

"ఇయ్యేం చేస్తావక్కా?"

"మెకానిక్ కాలేషా తీసకపోతాడు. చేతులు తుడుచుకోడానికి."

"నాకియ్యి."

ఎడ్లపాడులో చిన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి బొంతలు కుట్టేదట. అంచులకు త్రికోణాలు వేసేవాళ్లట. పదిహేనేళ్లయింది సూది పట్టి. పాత చీరలు మూడు మడతలు పరిచి, కదలకుండా నాలుగు మూలలా నాపరాయి ముక్కలు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొస్తుంది. మొదటి బొంతలో కుట్లు తాగుబోతు నడకలా ఉన్నాయి. ఆ మాటే అన్నాను. విప్పేసి మళ్లీ కుట్టింది. రెండోది కాస్త నయం. మూడోదాంట్లో ఎర్ర పేలిక పక్కన ఆకుపచ్చ పెట్టి, తల పక్కకు వంచి చూసి, తీసేసి పసుపు పెట్టింది. నా జాకెట్ ముక్కలు అంత అందంగా ఉంటాయని నాకే తెలియదు.

"ఇప్పుడు బాగుందటే మనసుకి?" అని అడిగాను.

"ఏమీ అనిపించటంలేదక్కా. చెయ్యి కదుల్తంది, అంతే. కదలకపోతే చానా కష్టంగా ఉంటంది."

అందుకే పేపరాయన మీద నాకు కోపం. ఈ పిల్ల కుట్టేది మనసు తేలికపడటానికి కాదు. అత్త ఎప్పటికైనా ఒక్క మాట అంటుందని, అందాకా చేతులకు ఏదో పని ఉండాలని. వంకర కుట్టు చూసి "ఇదేం కుట్టే దరిద్రపుదానా" అంటే చాలని కావాలని వంకరగా కుట్టిన రోజులు కూడా ఉన్నాయి. హనుమాయమ్మ చూసేది. ఏమీ అనేది కాదు.

మూడో బొంత వసారాలో ఆరేసినప్పుడు నాకు ఆశ పుట్టింది. నలుగురికీ చూపిస్తే అమ్ముడుపోతాయి కదా అని మిషను దగ్గర్నుంచే ఫోన్ ఎత్తాను. గుమ్మంలో ఉన్న పిన్ని నన్ను చూసింది. పైట కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను తీయబోయింది బొంతని. ఆ మాట తలుపుకి చెప్పి ఏం ప్రయోజనం? ఫోన్ మిషను సొరుగులో పడేశాను.

నాలుగో బొంతకు పైన పరవడానికి గట్టి గుడ్డ కావాలని సుకన్య ఇల్లంతా వెతుక్కుంటుంటే, హనుమాయమ్మ పెట్టె తెరిచి నాలుగు చొక్కాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. అవి కోతలకు వేసుకునేవి. మిరపఘాటుకి, ఎండకి తట్టుకోడానికి ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుక్కుంటారు. ఈ నాలుగూ పిన్ని మొగుడు, చనిపోయిన వీరయ్య బాబాయివి. మోచేతుల దగ్గర మాసికలు నేను వేసినవే. అవి ఇచ్చేసిందంటే ఇక తోట గడప తొక్కనని చెప్పినట్టే.

సుకన్యకు అర్థమైంది. "ఇయ్యి నేను కొయ్యనత్తా. వచ్చే కోతలకి నీకే కావాలి" అని మడతపెట్టి మళ్లీ పెట్టెలో పెట్టింది. పిన్ని మళ్లీ తెచ్చి పెట్టింది. ఈ పిల్ల మళ్లీ లోపల పెట్టింది. నోటితో మాట లేకుండా ఇద్దరూ నెల రోజులు ఇదే పని.

డిసెంబరు వచ్చింది. ఒక సాయంత్రం ముఠా ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఎదురింటి ముందు చేరారు. ముందు తిరుపతమ్మ ఉంది, పిన్ని రోజూ అందరికంటే ముందు తిట్టి లేపేది ఈమెనే.

"పిన్నీ, ఆ కొత్తాయన కాటా కాడ నోరెత్తడు. మాకు నువ్వే కావాలి. రేపట్నించి రా."

హనుమాయమ్మ గుమ్మంలో నిలబడి ముందు అందరి చేతుల వంకా చూసింది. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదని చూసుకున్నాక నోరు విప్పింది.

"నాకు ఓపిక లేదండి. మీరు వెళ్లి రండి. ఏమీ అనుకోకండి."

టీవీలో వార్తలు చదివే మనిషిలా అంది. తిరుపతమ్మ బిత్తరపోయింది. "ఏంది పిన్నీ, అండీ గిండీ అంటన్నావు? మేం పరాయోళ్లమా? ఒక్క తిట్టు తిట్టు, పోతాం" అంది. పిన్ని చేతులు జోడించి లోపలికి వెళ్లింది. తిరుపతమ్మ నా షాపు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. సుకన్య వసారాలోనే ఉంది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉంది, చేతిలో సూది ఆగిపోయింది.

మర్నాడు ఆ నాలుగు చొక్కాలూ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పెద్ద కత్తెర ఇయ్యక్కా" అంది.

"కోసేస్తావటే?"

"కొయ్యమంది."

"నోటితోనా?"

"నోటితోనే."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "పోనీలేవే, నోరు విప్పిందిగా! నిన్ను తిట్టిందా?" అన్నాను.

సుకన్య మొదటి చొక్కా నా కటింగ్ బల్ల మీద పరిచి చేతులు రెండూ కోసింది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఘాటు పోలేదు, ఇద్దరికీ తుమ్ములొచ్చాయి.

"'ఇవి నాకు అక్కర్లేదు, కోసుకో అమ్మా' అంది. ఆరేళ్లలో ఏనాడూ నన్ను అమ్మా అనలా అక్కా. ఏమే అనేది, ఒసే అనేది. బస్సులో పక్కసీట్లో కూర్చున్న మనిషిని అంటామే, కాస్త జరగమ్మా అని. అట్టా అంది."

తుమ్ము ఆగాక ముక్కు తుడుచుకుని రెండో చొక్కా పరిచింది.