నా తొడుగులు, నా బండి

చలికాలంలో నా వేళ్లు చచ్చిపోతాయి. ఊరికే అనడం లేదు. కొసల దగ్గర మొదలై సగం దాకా సున్నం పూసినట్టు తెల్లబడతాయి. ఆ తర్వాత అవి నావో పక్కింటివాళ్లవో నాకే తెలియదు. జగిత్యాలలో డాక్టరమ్మ చూసి, చలికి కొందరి రక్తనాళాలు ఇట్లా ముడుచుకుంటాయనీ, చేతులు వెచ్చగా పెట్టుకుంటే చాలనీ, భయపడాల్సింది లేదనీ చెప్పింది. నేను భయపడలేదు. ఇంట్లోవాళ్లు నా వంతు కూడా కలిపి భయపడ్డారు.

భయానికి కారణం నా స్కూటీ. కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో ఒక ఊరి పాలకేంద్రంలో నాకు పని. రైతులు తెచ్చిన పాలలో వెన్న ఎంతుందో చూడాలి, క్యాన్లు వ్యాను ఎక్కించాలి. పాలు పొద్దెక్కేదాకా ఆగవు కాబట్టి నేను తెల్లవారకముందే బయలుదేరాలి. ఆ పని నేనే వెతుక్కున్నాను. ఆ బండి నా జీతంతోనే కొనుక్కున్నాను. ఈ చలికాలం మొదట్లో ఒకరోజు పొగమంచులో బ్రేకు నొక్కాననుకున్నాను. వేళ్లు నొక్కలేదు. బండి తిన్నగా పోయి వరిగడ్డి కుప్పలో దూరింది. నాకు గీత కూడా పడలేదు. తలలో గడ్డి దులుపుకొని పనికి పోయాను. కానీ ఆ కుప్ప ఆసామి ఊరుకోలేదు, మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పంచాయితీ సిద్ధంగా ఉంది. అత్తమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, చేతిలో ఆకు చుడుతూనే తీర్పు చెప్పింది.

"బండి చిన్నోనికి ఇచ్చెయ్యి. అచ్చే నెల నుంచి ఆనికి మెట్‌పల్లిల పని. నువ్వు ఇంటి పట్టున కూసొని బీడీలు చేసుకో."

"నా చేతులు పని చేస్తలేవంటివి కదా అత్తమ్మా. మరి బీడీలు ఎట్ల చేస్త?" అన్నాను.

ఆ చిన్నోడు, మా మరిది, పక్కకు తిరిగి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. "నాకు నువ్వు కావాలె, బండి కాదు," అన్నాడు. వినడానికి మంచి మాటే. కానీ మాది సిరిసిల్ల. మగ్గాల సందులో పుట్టి పెరిగినదాన్ని. పొద్దంతా గడప లోపలే కూర్చొని ఎవరో తెచ్చి ఇచ్చే పనికోసం చూసే బతుకు ఎట్లుంటుందో మా అమ్మను చూసి నేర్చుకున్నాను. బండి పోయిందంటే నాకు మిగిలేది ఆ చాటే. నేను ఒప్పుకోలేదు. గంట సేపు లొల్లి అయ్యాక మా ఆయనే ఒక మాట పెట్టాడు: నెల తిరిగేసరికి, మంచి చలి ఉన్న పొద్దున నేను బండి మీద పాలకేంద్రం దాకా పోవాలి, వెనకాల ఆయన తన బండి మీద వస్తాడు. నా వేళ్లు పని చేస్తే బండి నాది, లేకపోతే తాళంచెవి తమ్మునిది. అప్పటిదాకా ఆటోలో పోవాలి. సరే అన్నాను.

దుకాణంలో గ్లౌజులు కొన్నాను. వాటిలో వేలికొక గది. ఏ వేలికావేలు ఒంటరిగా గడ్డకట్టుకుపోయింది. తర్వాత ఫోన్‌లో, ఏదో మంచు దేశపు ముసలావిడ ఉన్నితో చేతి తొడుగులు అల్లడం చూశాను. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగు వేళ్లకూ కలిపి ఒకటే గది. అన్నదమ్ములు ఒకే దుప్పట్లో పడుకున్నట్టు ఆ నాలుగూ ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. పైగా ఆమె రెండు రంగులతో డిజైను అల్లుతోంది. ఒక రంగు ముందుకు వచ్చి కుట్టు పడుతుంటే రెండో రంగు దారం వెనకాల వదులుగా పోతూ ఉంటుంది. అంటే లోపల ఇంకో పొర ఉన్నట్టే. అందం కోసం కాదు, ఆ వెనక దారం కోసం నేను డిజైను పెట్టుకున్నాను. సరే, కొంచెం అందం కోసం కూడా. సిరిసిల్ల పిల్లను, అంచు లేకుండా ఏదీ కట్టను.

జగిత్యాలలో ఎర్ర ఉన్ని, తెల్ల ఉన్ని దొరికాయి. సూదులు మాత్రం స్వెటర్లు అల్లే పొడుగువే ఉన్నాయి. గుండ్రంగా అల్లాలంటే పొట్టివి కావాలి. సైకిల్ షాపాయన పాత చువ్వలు కోసి, కొసలు నున్నగా రాకి ఇచ్చాడు. చీరల మీద గోపురం అంచు ఎట్లా మెట్లు మెట్లుగా లేస్తుందో గుర్తు చేసుకుంటూ పని నుంచి వచ్చాక అరుగు మీద కూర్చొని అల్లాను. వచ్చిపోయేవాళ్లంతా ఆగారు.

"గిదేమన్న కాశ్మీరానే? ఎండాకాలం అచ్చెదాక గూడ ఒడవదిది," అని ఒకామె.

"చేతులకు గొంగడి కుడుతుంది మా కోడలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడట," అని అత్తమ్మ.

"నవ్విన నాపచేనే పండుతది," అన్నాను తలెత్తకుండా. కుట్లు లెక్క తప్పితే మళ్లీ విప్పాలి మరి.

నెల తిరిగే ముందు తొడుగులు రెండూ అయిపోయాయి. ఆ సంబరంలో ఆదివారం సిరిసిల్ల పోయాను, అమ్మకు చూపించాలని. మరునాడు పొద్దునే నా పందెం.

మా అమ్మ పని గురించి చెప్పాలి. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బుటాల చీర నేసినప్పుడు, ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ మధ్య రంగు దారం వెనకవైపు వేలాడుతూ పోతుంది. చీర దిగాక ఆ వెనక దారాలన్నీ కత్తిరించి శుభ్రం చేయాలి. చిన్న కత్తెర పట్టుకొని అమ్మ ఏళ్లుగా చేస్తున్నది అదే. గుడ్డ చేతికొస్తే ముందు తిరగేసి చూస్తుంది. వెనక దారం వేలాడిందంటే ఇల్లు ఊడవకుండా చుట్టాలను పిలిచినంత నామోషీ ఆమెకు.

నేను తొడుగులు మంచం మీద పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి కుడిచేతి తొడుగు తిరగేసి అమ్మ ఒళ్లో ఉంది, పక్కన ఎర్రవీ తెల్లవీ దారపు ముక్కల కుప్ప.

"ఇంత మంచిగ అల్లినవు గని ఎనకంత దారాలు ఏలాడుతున్నయ్ బిడ్డా. సాఫ్ చేస్తున్న," అంది, మురిసిపోతూ.

చీరలో పడుగూ పేకా నేతను పట్టుకొని ఉంటాయి, వెనక దారం కోస్తే నష్టం లేదు. అల్లికలో ఆ దారమే గుడ్డ. నేను చూస్తుండగానే గోపురాల దగ్గర కుట్లు ఒక్కొక్కటీ నోరు తెరుస్తున్నాయి. నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ రాయను. అమ్మ చేతిలోని కత్తెర కింద పెట్టి, విషయం అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనియ్ బిడ్డా. దేవుడే అద్దంటుండు గావచ్చు. బండి ఇచ్చెయ్యి."

అప్పటిదాకా ఉన్న కోపం ఒకెత్తు, ఈ మాటకు వచ్చింది ఒకెత్తు.

"దేవునికి నా బండితోటి ఏం పనే? కత్తెర పట్టింది నువ్వు. బండి ఇయ్య. ఒక్క చేతికే తొడుగుంటే ఒక్క చేతితోనే పోత," అన్నాను.

అమ్మ నన్ను చూసింది. ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఏం చెప్పినా తలూపి సరే అనే మనిషి ఆమె. ఏం అనుకుందో తెలియదు, లేచిపోయి కిటికీ దగ్గర వెలుగులో కూర్చుంది. "సూదియ్యి. తెగిన పోగును అతికిచ్చుడు నాకు నేర్పుతవా?" అంది. నేను జారిన కుట్లను చువ్వ మీద ఎక్కించి పట్టుకున్నాను. ఆమె తెగిన కొసకూ కొసకూ మధ్య కొత్త ఉన్ని ముక్క వేసి, వేలి గోటితో ముడి బిగించింది. మళ్లీ ఇంకోటి. పొద్దు గూట్లో పడేలోపు తొడుగు నిలబడింది. లోపలంతా ముడులే, జొన్న గింజలు చల్లినట్టు.

"ఎనక శాన ఖరాబున్నది. ఎవ్వలకు చూపెట్టకు బిడ్డా," అంది.

"అందరికి చూపెడ్త," అన్నాను. అమ్మ నవ్విందో ఏడ్చిందో, కొంగు అడ్డం ఉంది.

రాత్రి బస్సుకు ఇల్లు చేరాను. సోమవారం పొద్దున చలి నాకు ఏ దయా చూపించలేదు. పసుపు చేల మీద మంచు పరుచుకొని ఉంది. అత్తమ్మ దుప్పటి కప్పుకొని గుమ్మంలో నిలబడింది, మరిది తాళంచెవికి రెడీగా తలకు మఫ్లర్ చుట్టుకున్నాడు. నేను బండి తీశాను. మా ఆయన లైటు నా వెనకే వచ్చింది.

ఊరు దాటాక గాలి మొహం కోసింది. వేళ్లు ఎప్పుడు చచ్చిపోతాయా అని చూస్తున్నాను. ఎడమ చెయ్యి వెచ్చగా, మాట్లాడకుండా ఉంది. కుడిచేతిలో అమ్మ ముడులు హ్యాండిల్‌కూ వేళ్లకూ మధ్య ఒత్తుకుంటూ, ప్రతి గుంతకూ గుచ్చుకుంటున్నాయి. ముందు విసుగొచ్చింది. తర్వాత, గడ్డి కుప్పలో దూరిన మలుపు దాటుతుంటే, ఒక్కసారిగా తట్టింది. గుచ్చుకుంటున్నట్టు నాకు తెలుస్తోంది. చచ్చిన వేలికి ఏం తెలుస్తుంది? కుక్క ఒకటి రోడ్డు మీదికి వస్తే బ్రేకు నొక్కాను. వేళ్లు నొక్కాయి.

పాలకేంద్రం ముందు ఆగాను. మా ఆయన దిగి, నా కుడి తొడుగు ఊడదీశాడు. వేళ్లు ఎర్రగా ఉన్నాయి, వాటి నిండా ముడుల అచ్చులు పడి ఉన్నాయి. బొటనవేలితో ఒక అచ్చును తడిమాడు.

"నొప్పి లేస్తుందా?"

"మస్తు లేస్తుంది," అన్నాను. ఒక నొప్పి గురించి అంత గర్వంగా నేనెప్పుడూ చెప్పలేదు. "నీ తమ్మునికి ఇంకో బండి చూడు."